పదిహేడేళ్ల రూఫ్

ఏప్రిల్‌లో టెక్సస్‌లోని ఫ్రిస్కోలో వడగళ్లు పడ్డ మర్నాటి నుంచి, ఇళ్ల పైకప్పులు బాగుచేసే రూఫింగ్ కంపెనీల వాళ్లు పని కోసం వీధిలో ఏ తలుపునీ వదల్లేదు.

జయంతి రెండు రోజుల్లో తొమ్మిది మందిని వెనక్కి పంపింది.

పదోసారి బెల్ మోగేసరికి విసుగ్గా తలుపు తీసింది.

ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దాయన. డెబ్బై ఏళ్లుంటాయి.

"మీరు తెలుగువాళ్లే కదా అమ్మా?"

"అవునండీ, చెప్పండి."

"మీ రూఫ్ వెనకవైపు మూడు షింగిల్స్, అదే పైన పరిచిన పలకలు, లేచిపోయాయి. రూఫ్‌లోంచి పైకి వచ్చే గాలి పైపు చుట్టూ ఉండే రబ్బరు కూడా పగిలింది. ముందు నీళ్లు దిగేది అక్కడే."

అమ్మడానికి తెలుగువాళ్లని కూడా పెట్టుకున్నారన్నమాట, అనుకుంది జయంతి.

"ఏ కంపెనీ అంకుల్?"

"కంపెనీ ఏం లేదమ్మా, నేను..."

"సారీ అంకుల్, మీటింగ్‌లో ఉన్నాను."

తలుపు వేసేసింది.

మీటింగ్ అయిపోయాక ఇల్లు మళ్లీ నిశ్శబ్దమైంది. కూతురు అనిక కాలేజీకి వెళ్లిపోయాక ఆ ఇంట్లో జయంతి ఒక్కతే. లాప్‌టాప్ మూసేస్తే మర్నాటి దాకా మాట్లాడే మనిషి ఉండదు.

వారం తిరక్కుండా ఆయన మళ్లీ వచ్చాడు.

"రూఫ్ ఇరవై ఏళ్లుంటుందంటారు గానీ, ఈ టెక్సస్ ఎండకీ వడగళ్లకీ అంతకాలం ఆగదమ్మా. మీది ఇల్లు కట్టినప్పటిదే, పదిహేడేళ్లు. ఏడాదికి రెండుసార్లు చెక్ చేయించి, చూరు చుట్టూ ఉన్న గట్టర్లలో ఆకులు తీయిస్తూ ఉంటే ఇంకో మూడు నాలుగేళ్లు లాగొచ్చు. కాస్త టీ తాగుతూ మాట్లాడుకుందామా?"

లోపలికి రానిస్తే సంతకం పెట్టించుకునే దాకా కదలరని ఆఫీసులో ఎవరో చెప్పారు.

"ఇంట్లో పాలు లేవండీ."

"ఫర్లేదమ్మా, ఇంకోసారి."

ఆగస్టులో మూడోసారి వచ్చాడు. జయంతి తలుపు తీయలేదు. మేడ మీద కూర్చుని, గుమ్మం దగ్గరి కెమెరాని ఫోన్‌లో చూసింది.

ఆయన కాసేపు నిలబడి, జుట్టు సర్దుకుని, కెమెరాతోనే చెప్పాడు.

"వానలొస్తున్నాయి. ఆ రబ్బరొక్కటన్నా మార్పించమ్మా. చిన్న పనే. ఉంటాను."

అక్టోబరు వానకి అనిక గదిలో సీలింగ్ నాని, పెద్ద ముక్క ఊడి మంచం మీద పడింది.

రూఫ్ ఎక్కిన పనివాడు దిగివచ్చి తల అడ్డంగా ఊపాడు. మూడు షింగిల్స్, పైపు రబ్బరు. ఏప్రిల్‌లోనే చూసుకుని ఉంటే గంట పని అన్నాడు.

పెద్దాయన చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

జయంతికి సిగ్గేసింది. మొత్తం పని ఆయన కంపెనీకే ఇద్దామనుకుంది. పిలిచి, కూర్చోబెట్టి, టీ కూడా ఇద్దామనుకుంది.

కెమెరాలో ఉన్న ఆయన ఫోటో తీసి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

'ఈ అంకుల్ ఏ రూఫింగ్ కంపెనీయో ఎవరికైనా తెలుసా?'

సాయంత్రానికి దేదీప్య అనే అమ్మాయి దగ్గర్నుంచి జవాబొచ్చింది.

'మా నాన్నగారండీ, కేశవరావుగారు. ఏ కంపెనీలోనూ లేరు. అమ్మ పోయాక నాలుగేళ్లు ఇక్కడ ఒక్కరే ఉన్నారు. సెప్టెంబరులో ఆయనా పోయారు. "మా వెనకింట్లో ఒక తెలుగమ్మాయి నాలాగే ఒంటరిగా ఉంటోంది, వెళ్లి పలకరించడానికి ఇన్నాళ్లకి ఒక వంక దొరికింది" అని వడగళ్లు పడ్డప్పుడు ఎంత సంబరపడ్డారో... నాన్నగారింటి ఫెన్స్ అవతలి ఆ ఇల్లు మీదేనా అండీ?'