ఏటికి ఇవతల

స్కానమ్మ సంచి సర్దుకుంటోంది. కళ్ళజోడు పెట్టె, రెండు తువ్వాళ్ళు, గోడకున్న కూతురి ఫొటో. ఫొటోను తువ్వాల్లో చుట్టి మధ్యలో పెట్టింది, అంచు ఎక్కడైనా తగులుతుందేమోనని మళ్ళీ తీసి ఇంకోసారి చుట్టింది. రేపటి నుంచి ఆ స్కానింగ్ గదిలో వేరేవాళ్ళు కూర్చుంటారు.

"ఇన్నేళ్ళ ఉద్యోగానికి ఇంత చిన్న సంచేనా?" అంటూ లోపలికి వచ్చింది లెక్కలావిడ. జననాల లెక్కలు చూసే ఆఫీసు పంపగా, కొన్నాళ్ళుగా ఊళ్ళో గడప గడపా తిరుగుతోంది.

"పోయేటప్పుడు బరువు తక్కువుంటేనే మంచిదమ్మా. కూర్చోండి."

"మీరు వెళ్ళేలోగా ఒక్క మాట. ఏటికి అవతలంతా ఆడపిల్లలు పుట్టడం ఏటేటా తగ్గిపోతోంది. అటూ ఇటూ అవే పొలాలు, అవే కుటుంబాలు. ఒకళ్ళకొకళ్ళు వియ్యాలవాళ్ళు కూడా. ఇక్కడ మాత్రం మగపిల్లల కంటే ఆడపిల్లలే ఎక్కువ. కారణం కనుక్కు రమ్మన్నారు పైవాళ్ళు. ఆఖరికి తాగే నీళ్ళు కూడా సీసాల్లో పట్టి పంపించాం."

"ఏం, అవే నీళ్ళు అవతలి గట్టెక్కగానే మగనీళ్ళైపోతాయా?"

లెక్కలావిడ పకపకా నవ్వింది. తర్వాత తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది.

"కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరం. మీరు అడిగినవాళ్ళకి చెబుతారట. ఆడపిల్ల అని తెలిస్తే తీయించుకోవడానికి ఏరు దాటిపోతారట, అక్కడ ఆ పని చేసేవాళ్ళున్నారని. అలాంటి ఊళ్ళో ఆడపిల్లలు తగ్గాలి గానీ పెరగడమేమిటి?"

స్కానమ్మ సంచి జిప్పు లాగింది. అది సగంలో ఆగిపోయింది.

"అమ్మా, నిజం చెప్పండి. తెర మీద ఆడపిల్ల కనబడితే మీరేమంటారు?"

"మగపిల్లాడంటాను."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. కొన్నేళ్ళుగా ఏ ఆడపిల్లనీ నేను పట్టివ్వలేదు."

లెక్కలావిడ కళ్ళు చెమర్చాయి. "మరి కాన్పయ్యాక వచ్చి గొడవ చెయ్యరూ?"

"ఎవరితో చెప్పుకుంటారు? దొంగకి తేలు కుట్టినట్టే కదమ్మా! నన్ను నాలుగు తిట్టి పోతారు. యంత్రం పాతదైపోయిందంటాను. మళ్ళీ కడుపొస్తే మళ్ళీ నా గుమ్మంలోకే. ఇటువైపు చెప్పేదాన్ని నేనొక్కదాన్నే."

"కారణం తెలియలేదని రాసేస్తాను," అంది లెక్కలావిడ. ఆమె వచ్చింది ఆడపిల్లల సంగతి తెలుసుకోవడానికి. తెలిసింది. స్కానమ్మ రెండు చేతులూ పట్టుకుని, వదిలి, వెళ్ళిపోయింది.

స్కానమ్మ సంచి భుజాన వేసుకుంటుండగా మళ్ళీ తలుపు తోసుకుని వచ్చారెవరో.

"అయ్యో వదినగారూ, వెళ్ళిపోతున్నారా! ఒక్క ఐదు నిమిషాలు!"

వియ్యపురాలు. వెనకే, కొడుక్కి రెండో పెళ్ళి చేసి తెచ్చుకున్న కోడలు, పొట్ట మీద చెయ్యి వేసుకుని.

మొదటి కోడలు స్కానమ్మ కూతురు. ఆ పిల్లను ఈ మనిషే మూడుసార్లు ఏరు దాటించింది. మూడోసారి సంచి సర్దిపెట్టింది స్కానమ్మే. ఎల్లుండికల్లా వచ్చేస్తానమ్మా అంది పిల్ల. సంచి ఒక్కటే తిరిగొచ్చింది.

"పోయినసారి మగపిల్లాడన్నారు. తీరా చూస్తే ఆడది పుట్టి కూర్చుంది," అంది వియ్యపురాలు. "ఈసారైనా కళ్ళు పెట్టుకుని చూడండి. మాకున్నది వాడొక్కడే. వాడికో కొడుకు లేకపోతే మా ఇంటిపేరు వాడితోనే సరి."

"ఇంకో ఆడపిల్లయితే నాకూ వద్దు పిన్నిగారూ," అంది కోడలు బల్ల ఎక్కుతూ. "ఉన్న ఒక్కతే నా ప్రాణాలు తోడేస్తోంది."

స్కానమ్మ సంచి దింపింది. పొట్ట మీద జెల్లీ రాసింది. తెర వెలిగింది. లోపలి బిడ్డ కాళ్ళు ముడుచుకుని, చాపి, మళ్ళీ ముడుచుకుంది. ఆమె చాలాసేపు చూసింది.

"మీ అమ్మాయి మీద ఒట్టేసి చెప్పండి వదినగారూ."

"ఒట్టు బతికున్నవాళ్ళ మీద వేస్తారు, వదినగారూ."

వియ్యపురాలి ముఖం మాడిపోయింది. "ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వడం? దాని రాత అంతే. నేనేమన్నా చంపానా?"

"లేదు. తీసుకెళ్ళారంతే."

"మీ మనసులో ఏమీ లేదనేగా మీ దగ్గరికి వచ్చింది! చెప్పండి, ఎవరు?"

స్కానమ్మ తెరను వాళ్ళ వైపు తిప్పింది. బూడిదరంగు మబ్బులు తప్ప వాళ్ళకేమీ కనబడలేదు.

"ఆడపిల్ల," అంది.

కోడలు కళ్ళు మూసుకుంది. వియ్యపురాలు అప్పటికే కొడుక్కి ఫోన్ కలిపేసింది. "పొద్దున్నే బండి మాట్లాడరా. ఆఁ, ఏరవతలికే... నేనూ వస్తాను."

ఫోన్ పెట్టేసి, కోడల్ని లేవదీస్తూ, కాస్త మెత్తబడింది. "పోనీలెండి వదినగారూ. వెళ్ళేముందైనా నిజం చెప్పి పుణ్యం కట్టుకున్నారు."

"జాగ్రత్తగా వెళ్ళండి," అంది స్కానమ్మ, తెర ఆర్పేస్తూ.

మర్నాడు పొద్దున కోడలి కడుపులో ఏరు దాటి ఇక తిరిగి రానివాడు, ఆమె కూతురు పోయాక అక్కడికి వెళ్ళిన అందరిలాగే, మగపిల్లాడు.