చెవుల్లో వైర్లు

గోదావరి ఇంటి చూరును తాకిన ఏడాది అది. వరద తీశాక, బూర్గంపాడు దగ్గరి ఆ పల్లె జనం తలదాచుకున్న బడిలోంచి తమ ఇళ్ళకు తిరిగొచ్చారు. గంగక్క బురద ఎత్తిపోసింది. కొట్టుకుపోగా మిగిలిన సామాన్లన్నీ ఎండలో పరిచింది.

ఆ రోజు నుంచే ఆమె మొగుడు బొజ్జయ్య చెవుల్లోంచి వైర్లు తీయడం మానేశాడు. ఖమ్మం బస్టాండు బయట కొడుకు వీరబాబు చవగ్గా కొనిచ్చిన చైనా పాటల డబ్బా అది. ఇదివరకు సాయంత్రాలు కాసేపు వినేవాడు. ఇప్పుడు పొద్దంతా అదే. టీ కొట్టు దగ్గరా అదే, నాట్ల దగ్గరా అదే. అసలే మాట తక్కువ మనిషి.

"ఏందయ్యా, నా మాట ఇనబుద్ధి కాకనా?" అని గంగక్క అరిచేది.

అతను తల ఊపేవాడు, పాటకు ఊపినట్టు.

ఆమెకు అనుమానం పట్టుకుంది. ఎవరితోనూ మాట్లాడని మనిషికి ఊరి సంగతులు ఎలా తెలుస్తున్నాయి? మళ్ళీ నారు పోద్దామని కొన్న మిరప విత్తనాలు షాపులో తిరిగిచ్చేసి వచ్చాడు. పాత సరుకట.

"నీకెవరు చెప్పిన్రు?"

అతను వైర్లు సర్దుకుని బయటికి నడిచాడు. ఇతని వెనక ఎవరో ఉన్నారు అనుకుంది. ఆడో, మగో. డబ్బాను ఆమెను ముట్టుకోనివ్వడు కూడా. పడుకున్నా మొలలోనే ఉంటుంది.

బతుకమ్మ పండుగకు ముందు, కూతురు వనజను చూడటానికి పెళ్ళివాళ్ళు వచ్చారు. పిల్లగాడు రాజేష్‌కు బొగ్గు గనిలో పర్మినెంటు కొలువు. గంగక్క కాలు ఒకచోట నిలవలేదు. బొజ్జయ్య మాత్రం వైర్లు పెట్టుకుని మంచం మీదే కూర్చున్నాడు. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

"జర అవి తియ్యరాదు?"

"పోనీ చెల్లె, బావ మన లోకంల లేడు. ఇననియ్యి" అని నవ్వాడు రాజేష్ మేనమామ.

తల్లీ కూతుళ్ళు చాయ్ పెట్టడానికి లోపలికి పోయారు. తిరిగొచ్చేసరికి మేనమామ, రాజేష్ తల్లి ఏదో మాట్లాడుకుంటున్నారు. వీళ్ళను చూసి ఆపేశారు. బొజ్జయ్య తల ఊపుతూనే ఉన్నాడు.

వాళ్ళు వనజ ఒళ్ళో చీర, పూలు, పండ్లు పెట్టి పోయారు.

మర్నాడు పొద్దున చూస్తే చీర లేదు. సంబంధం తెచ్చిన ఎర్రమ్మ ఇంట్లో దాన్ని ఇచ్చేసి, బొజ్జయ్య అప్పుడే గుమ్మంలోకి వస్తున్నాడు.

గంగక్క దారికి అడ్డం నిలబడింది. "బంగారం లాంటి సంబంధం ఆగం జేస్తివి. ఎవరు నూరిపోస్తున్రు నీకు? ఇయ్యాల చెప్తెనే లోపలికొచ్చేది."

"వానికి పెండ్లయింది. ఆ పిల్లను పుట్టింటికి తోలిన్రు. పెండ్లి దాకా ఈడ తెల్వనియ్యొద్దని వాళ్ళ మేనమామనే అన్నడు. నా ముంగట్నే."

"చెవులల్ల పాటలు పెట్టుకొని ఎట్ల ఇంటివి?"

బొజ్జయ్య మొలనున్న డబ్బా తీసి, వెనక మూత ఊడదీసి ఆమె అరచేతిలో వంచితే, సెల్లులకు బదులు ఎండిన గోదావరి ఒండ్రు రాలింది.