మూడు సిట్టింగులు

తవిటయ్య చెప్పులు మెట్ల కిందే విడిచి, రెండంతస్తులు వట్టి కాళ్ళతో ఎక్కి వచ్చాడు.

"చెప్పులతో రావచ్చండీ," అంది కౌన్సెలర్ గౌరీశ్వరి.

"పర్నేదు మేడమ్," అని కుర్చీ అంచున కూర్చున్నాడు. యాభై అయిదేళ్ళుంటాయి. ఉండేది మల్కాపురం అన్నాడు.

గౌరీశ్వరి ద్వారకానగర్‌లో ఆ గది తీసుకుని ఆరేళ్ళయింది. సగం మంది నేరుగా వస్తారు. సగం మంది ఫోన్లోనే మాట్లాడతారు. ఇలాంటి మనిషి తనంతట తాను రావడం మాత్రం అరుదు.

"చెప్పండి. ఏమిటి ఇబ్బంది?"

"బయ్యం మేడమ్."

"దేనికి?"

"డూటీకెల్లాలంటే. పరవాడలో మందుల కంపెనీ. పైపుల కాడ అదోలాటి వాసనొస్తాది. ఏటో అయిపోతాదని బయ్యం. కాళ్ళు ఒణుకుతాయి."

పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాడు.

"ఇప్పటిదాకా అక్కడ ఏమైనా జరిగిందా?"

"అప్పటికింకా నేదు."

"పైవాళ్ళకి చెప్పారా?"

"సెప్తే నవ్వినారు."

గౌరీశ్వరి ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పింది. నాలుగు లెక్కపెట్టేదాకా లోపలికి, ఆరు లెక్కపెట్టేదాకా బయటికి. అతను కళ్ళు మూసుకోమన్నా మూసుకోకుండా, ఆమె పెదవులనే చూస్తూ చేశాడు.

వెళ్ళేముందు అడిగాడు.

"ఫోన్లో మాటాడినోల్లకీ ఇదే నేర్పుతారా?"

"ఇదే."

రెండో సిట్టింగుకి నోటుపుస్తకం ఖాళీగా తెచ్చాడు. ఒక పక్క భయం, ఇంకో పక్క దానికి రుజువు రాసుకు రమ్మని మొదటిసారే చెప్పింది ఆమె.

"రాయలేదేం?"

"రుజువంటే ఏటి రాయాల మేడమ్?"

"వాసన వచ్చిందన్నారు. దానివల్ల ఎవరికైనా ఏమైనా అయిందా? లేదు. అంటే భయం ఉంది, రుజువు లేదు."

తవిటయ్య ఆ మాటని పెదవులు కదుపుతూ మళ్ళీ అనుకున్నాడు.

"ఫోన్లో మొకం కనపడతాదా మేడమ్?"

"కెమెరా పెడితే కనపడుతుంది. కొందరు పెట్టరు."

"పెట్టనోల్ల బయ్యం నిజమైందో కాదో మీకెలాగ తెలుస్తాది?"

"మాటని బట్టి తెలుస్తుంది," అంది కాస్త విసుగ్గా. "ముందు మీ సంగతి మాట్లాడదాం."

మూడోవారం కూర్చోగానే తనే మొదలెట్టాడు.

"డూటీ మానీమంటారా మేడమ్?"

"అలా ఎప్పుడూ చెప్పను. ఒకసారి తప్పించుకుంటే భయం రెట్టింపవుతుంది. ధైర్యంగా వెళ్ళండి. వెళ్ళి వచ్చాక, ఏమీ కాలేదని మీకే తెలుస్తుంది."

తవిటయ్య తల వంచుకున్నాడు. జేబులోంచి రుమాలు లాగి మొహం తుడుచుకుంటుంటే ఓ కార్డు కింద పడింది.

గౌరీశ్వరి తీసి చూసింది. పోర్టు గుర్తింపు కార్డు.

"మీరు పోర్టులో కళాసీనా?"

"అవును మేడమ్. ముప్పయ్యేళ్ళయినాది."

"మరి పరవాడ? మందుల కంపెనీ?"

అతను కార్డు కోసం చెయ్యి చాపాడు.

"మూడు వారాలుగా అబద్ధం చెబుతున్నారా? నిజంగా భయపడేవాళ్ళు టైము దొరక్క ఎదురుచూస్తున్నారు. వాళ్ళని ఆపి మీకిచ్చాను. ఇంక రాకండి."

"తప్పే మేడమ్," అన్నాడు లేస్తూ. "మీ మాట సల్లగుంటాది. అది ఇంటే నాకే దైర్యమొచ్చినాది. మరి సిన్నపిల్ల..."

మిగతాది మింగేసి మెట్లు దిగిపోయాడు.

నేరుగా వచ్చేవాళ్ళ వివరాలు పుస్తకంలో రాసుకుని, ఫైలు మూసేటప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించడం గౌరీశ్వరి అలవాటు. "సహకరించలేదు" అని కొట్టింది. అతని ఫోన్ నంబరు కొట్టింది. ఆ నంబరు ఇంతకుముందే ఉందని తెర మీద ఇంకో ఫైలు తెరుచుకుంది.

హేమశ్రీ. ఇరవై నాలుగేళ్ళు. పరవాడలో కెమిస్టు. ఫోన్లో మూడు సిట్టింగులు.

గొంతు గుర్తొచ్చింది. మొహం ఎప్పుడూ చూడలేదు. ఆ అమ్మాయి కెమెరా పెట్టేది కాదు.

కింద తను రాసుకున్నదే ఉంది. "కంపెనీలో గ్యాసు వాసన వస్తోందని భయం. రుజువు లేదు. ధైర్యంగా డ్యూటీకి వెళ్ళమని చెప్పాను."

నాలుగోసారి అమ్మాయి లైన్లోకి రాలేదు. గౌరీశ్వరి రెండు మెసేజీలు పెట్టి, "మధ్యలో మానేసింది" అని ఫైలు మూసేసింది. అత్యవసరమైతే పిలవమని అమ్మాయి ఇచ్చిన నంబరు అక్కడే ఉంది. తవిటయ్య నంబరు. ఆ రోజు దానికి ఫోన్ చెయ్యాలని తోచలేదు.

ఇప్పుడు చేసింది.

"హేమశ్రీ... మీకేమవుతుందండీ?"

అవతల లారీల మోత. తర్వాత తవిటయ్య గొంతు.

"మా గుంటే మేడమ్, నా కూతురు. మూడు నెల్ల కిందట ఆ కంపెనీలో పేలినప్పుడు పోనాది."

గౌరీశ్వరి ఫోను చెవికి ఆన్చుకునే లేచి నిలబడింది.

"మిమ్మల్ని అడగడానికి రానేదు మేడమ్. ఏ మాట ఇని అది దైర్యం తెచ్చుకున్నాదో, ఓపాలి నానూ ఇందామని వొచ్చినాను."

"తవిటయ్యగారూ..."

"ఆ పొద్దు డూటీకెల్లనని మంచం దిగకుండా ఏడిస్తే, 'అంత సదువుకున్న మేడమే ఎల్లమన్నాది గదే' అని కసిరి, బండెక్కించి, గేటు కాడ దింపీసినోణ్ణి నానే మేడమ్."