సిద్రా ఇల్లు కదిలింది

"నా గడపలో కాలు పెట్టావంటే ఈ చీపురుతోనే నీ మొహం ఊడ్చేస్తాను కపితాన్!"

అలింగ్ సిద్రా అరుపుకి ఎండుచేపల చుట్టూ తిరుగుతున్న పిల్లులు కూడా పారిపోయాయి. కపితాన్, అంటే ఊరి పెద్ద నెస్తోర్ మాత్రం కదల్లేదు. వెనక ఊరి జనం చూస్తున్నారాయె, కదిలితే పరువేం కాను? ఊళ్ళో అందరిలాగే తనూ ఆవిణ్ణి నానాయ్, అంటే అమ్మా, అనే పిలుస్తాడు.

"మీ మంచికే చెబుతున్నా నానాయ్. ఆ పెద్ద హోటలుని ఇక్కడిదాకా పెంచుతున్నారు. ఊరు బాగుపడుతుంది. కుర్రాళ్ళకి పని దొరుకుతుంది."

"ఊరు బాగుపడాలంటే నేను చెడిపోవాలా?"

"కొండ మీద సిమెంటు గది ఇస్తున్నాం కదా!"

"కొండ మీద చేపలెవరు ఎండబెడతారు, మీ తాతా? ఉప్పుగాలి తగలకపోతే చేప ఎండదురా, కుళ్ళుతుంది. ఆ కంపు నీ ఇంటికే తెచ్చి పోస్తాను!"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నెస్తోర్ మొహం కందగడ్డ అయింది.

"ఈ వెదురు గుడిసె తీరానికే మచ్చ! వచ్చేవాళ్ళు చూస్తే నవ్విపోతారు. రేపు యంత్రం వస్తుంది, అంతే."

"రానీ. నా మీద నుంచి పోనీ." సిద్రా గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

నెస్తోర్ కాసేపు ఇంటి కప్పు వైపు, గోడల వైపు చూశాడు. ఎందుకోగానీ గొంతు తగ్గించాడు. "సరే, పడగొట్టించను. ఇంటిని ఉన్నదున్నట్టే మోయించుకుపోండి. మనుషుల్ని నేనే పంపిస్తా. ఎక్కడ దించాలి?"

"వాగు ఒడ్డున, మా తమ్ముడి జాగాలో. అక్కడా గాలి కొడుతుంది."

"అలాగే నానాయ్."

ఆ వైపు ఊళ్ళలో ఇల్లు మారడమంటే సామాను మార్చడం కాదు. అడుగున వెదురు బొంగులు కట్టి, ఊరంతా భుజం పట్టి, ఇంటికి ఇంటినే ఎత్తుకుపోవడం. కూలి మాటే ఉండదు, కడుపునిండా పెడితే చాలు. అందుకే తెల్లారేసరికి సిద్రా ఉన్న రెండు కోళ్ళూ కోసి అల్లం గంజి కాచింది.

మగవాళ్ళు వచ్చారు. ఒక్కడూ గిన్నె ముట్టలేదు.

"ఏరా గోరియో, నా గంజి చేదా? నీ పెళ్ళికి కాస్తే మూడు గిన్నెలు లాగించావు!"

"దించాక తింటాం నానాయ్," అన్నాడు గోరియో నేల చూస్తూ.

"మీరు దిగండి, బరువు," అన్నాడు ఇంకొకడు.

"దిగను. కపితాన్‌ని నమ్మి నా ఇల్లు ఒంటరిగా పంపిస్తానా? మొయ్యండి!" అని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

ఒకటి, రెండు, మూడు అన్నారు. ఇల్లు లేచింది. చాటలో గింజలా ఊగుతూ కూర్చుంది సిద్రా. కాసేపటికి గిన్నెలన్నీ ఒక మూలకి జారాయి. వాగు పల్లంలో కదా ఉంది, ఇల్లు మిట్ట ఎక్కుతోందేమిటి?

"ఒరే గోరియో! దారి తప్పావురా!"

"చుట్టు తిరిగి పోవాలి నానాయ్!"

"పుట్టి పెరిగిన ఊళ్ళో నాకే దారి చెబుతావురా సన్నాసీ!"

ఇల్లు దబ్బున దిగింది. బయట బాజాలు మోగాయి, చప్పట్లు కొట్టారు. సిద్రా చీపురు పట్టుకుని తలుపు తన్ని తీసింది.

వాగు లేదు, తమ్ముడూ లేడు. నున్నటి సిమెంటు నేల, ఇంటి చుట్టూ ఎర్ర తాడు, తాడు అవతల ఫోన్లు ఎత్తి పట్టుకున్న కొత్త మొహాలు. వాళ్ళ వెనక మిట్ట మీది పెద్ద హోటలు.

"ఇదేమిట్రా?"

గోరియో కళ్ళెత్తలేదు. "నాకిక్కడ కాపలా పని ఇచ్చారు నానాయ్. వీళ్ళందరికీ తలో పని ఇచ్చారు. పిల్లలున్నారు కదా..."

"పిల్లలకి కూడు పెట్టడానికి నా కొంప మోశారురా! మీ భుజాలు పుచ్చిపోను!"

ఆవిడ చీపురెత్తి ముందుకు దూకేలోపే నెస్తోర్ చిరునవ్వుతో వచ్చి గుమ్మం పక్కనున్న బోర్డు మీది గుడ్డ లాగాడు.

'ఒకప్పుడు ఈ తీరంలో మనుషులు ఇలాంటి ఇళ్ళలో బతికేవారు.'