రాణి వేషం

మొగులప్ప పట్టుచీరను ఇంకో చోట చింపాడు.

"ఇంకెంత చింపుతవ్ రా?" అన్నాడు సంగయ్య. భాగోతం మేళానికి ఆయనే పెద్ద.

"జూస్తేనే జాలి పుట్టాలె, మామా."

"బిచ్చగత్తె కనవడుతున్నది. రాణేది?"

కొత్త ఆట అది. రాజ్యం పోయి బిచ్చమెత్తుకునే రాణి కథ. రాణి వేషం కట్టేది జగన్నాథ్, దాన్ని తీర్చేది మొగులప్ప. మరునాడే దొర గడీ ముందు ఆట. జనం కంటతడి పెట్టకుంటే దొర మళ్లీ పిలవడు. ఈ కరువులో ఆ పిలుపు పోతే మేళంవాళ్ల పొయ్యిలో పిల్లి లేవదు.

నారాయణఖేడ్ చావడి మెట్టు మీద ఎవరో ముసలామె కూర్చుని అంతా చూస్తోంది.

"గట్ల చింపకు, బిడ్డా," అంది. "రాణి చింపు జూపదు. కుచ్చిళ్లల్ల దోపుకుంటది. ఎడమచేత్తోని పట్టుకొనే నడుస్తది."

అసలే మొగులప్పకు కోపం ముక్కు మీదుంటుంది.

"తాతల కాలం నుంచి వేషాలు కడుతున్నం. నువ్వేడ జూసినవే రాణిని?"



"జబ్బకు దండకడెం తీసిన కాడ తోలు తెల్లగుంటది. గది గూడ దిద్దు," అంటూ ముసలామె తన జబ్బ మీది కొంగు సర్దుకుంది.

అందరూ పకపకా నవ్వారు.

"ఆకలైతుందేమో! ఇగో, తిని నడువ్," అని మొగులప్ప రొట్టెముక్క విసిరాడు.

అది దుమ్ములో పడింది. ఆమె వంగలేదు. లేచి వెళ్లిపోయింది.

కోపం దిగాక ఆ మాటలే మొగులప్పను గుచ్చాయి. చింపును కుచ్చిళ్లలో దోపాడు. జగన్నాథ్ జబ్బ మీద తెల్లటి పట్టీ దిద్దాడు.

మరునాడు పొద్దుగూకే వేళ గడీ ముందు తెర తీశారు. జగన్నాథ్ ఎడమచేత్తో కుచ్చిళ్లు పట్టుకుని, తల దించకుండా నడిచొచ్చాడు. పాట ఎత్తుకోకముందే ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

మేళం గట్టెక్కింది. మొగులప్ప కళ్లు జనంలో ముసలామె కోసం వెతికాయి. కనిపిస్తే కాళ్లకు మొక్కి, కడుపునిండా పెట్టాలనుకున్నాడు పాపం. ఆమె ఎక్కడా లేదు.

అంతలో గడీ లోపలి నుంచి ముసలి దాసి కాశమ్మ ఉరికొచ్చింది. చూపు సరిగా ఆనని మనిషి. వేషగాడి జబ్బ పట్టుకుని, తెల్లటి పట్టీని కళ్లకు దగ్గరగా చూసి, బావురుమని కాళ్ల మీద పడింది.

దొర ముఖం తిప్పుకున్నాడు.

"మరిది దొర నీ సొమ్ములన్ని వలుచుకొని ఎల్లగొట్టిననాడు గిట్లనే చింపు దాసుకొని పోతివి," అంది కాశమ్మ. "ఇన్నేండ్లకు వస్తివా, దొరసానమ్మా!"