రక్తసంబంధం

ఆ రోజుల్లో బెజవాడలో ఊరికే అన్నం పెట్టడం నిషేధం. గిన్నెలకున్న మాట్లాడే తాళాలు వడ్డించేవారి సొంతవాళ్ల కోసమే తెరుచుకునేవి. చెప్పేవారి గొంతులో అవి అబద్ధం పసిగడితే వంటిల్లే మూతపడేది.

చర్చి వాకిట్లో ఫుట్‌పాత్ మనుషులు ఆకులు వేసుకుని కూర్చున్నారు. ముందున్న సాంబయ్య గొణిగాడు. "నన్నేమని చెప్తారమ్మగారూ? నా మూలంగా అందరి కూడూ పోద్ది."

"నువ్వు ఆకు కడుక్కో తమ్ముడూ," అన్నారు వడ్డించే సలోమమ్మ. తాళంతో, "సహోదరుడు," అని చెప్పారు.

"మీ ఒక్కగానొక్క సహోదరుడు పోయిన నెల మరణించారు. ఈయన రక్తసంబంధమేనా?" అని అడిగింది తాళం.

ఆమె గోడమీది సిలువపై నెత్తుటి గాయాల క్రీస్తును చూసి, "రక్తసంబంధమే," అన్నారు.

తాళం ఆ గొంతులో అబద్ధం వెతికింది. దొరకలేదు. మూత తెరుచుకుంది.

సలోమమ్మ సాంబయ్యకు వడ్డించి, రెండో తమ్ముడి వైపు తిరిగారు.