కుడి మోకాలి కట్టు

కట్టు కుడి మోకాలికి ఉంది. దెబ్బ ఉన్నది ఎడమ మోకాల్లో.

ఫుట్‌బాల్‌లో మైదానం అంచు వెంట బంతితో పరుగెత్తే వింగర్లందరికీ తెలిసిన పాత ఎత్తే ఇది. నలిగిన కాలిని వదిలేసి, బాగున్న కాలికి తెల్లటి కట్టు కట్టుకుని మైదానంలోకి దిగాలి. అడ్డుకోవడానికి వచ్చే ఎదుటి జట్టు ఫుల్‌బ్యాక్ కట్టు చూసి ఆ కాలినే తంతాడు. బాగున్న కాలు కాబట్టి ఓర్చుకుంటుంది. ఆ శనివారం క్లిఫర్డ్ కూడా అలాగే దిగాడు. ఎడమ మోకాలి సంగతి ఇంట్లోవాళ్ళకూ క్లబ్బు డాక్టరుకూ తప్ప బయట పురుగుక్కూడా తెలియదు. అక్కడ ఇంకొక్క దెబ్బ తగిలితే ఇక ఆట మాట మరిచిపోవాల్సిందేనని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఆట పోతే మిగిలేది బొగ్గుగని. ఆ గని క్లిఫర్డ్ తల్లి నెల్లీకి బాగా తెలుసు. అది ఆమె మొదటి మొగుణ్ణి ఒక్క పూటలో మింగేసింది. రెండో మొగుణ్ణి, అంటే క్లిఫర్డ్ తండ్రిని, దగ్గించి దగ్గించి చంపింది. వీణ్ణి మాత్రం దానికి ఇచ్చేది లేదని ఆమె ఆనాడే ఒట్టు పెట్టుకుంది.

"నువ్వు రావద్దమ్మా, చూసి తట్టుకోలేవు," అని పొద్దున్నే చెప్పి మరీ వెళ్ళాడు క్లిఫర్డ్. కన్నప్రాణం ఊరుకుంటుందా? బస్సెక్కి, ఆట జరిగే క్రాగ్లీ ఊరికి వచ్చేసింది. మైదానం అంచు గీతకు దగ్గరగా, జనంలో ఇరుక్కుని నిలబడింది.

పక్కనే ఒక టోపీ మనిషి మాంసం కూరిన రొట్టె తింటున్నాడు. క్రాగ్లీ వాడేనని మెడలో రుమాలు రంగే చెబుతోంది.

"ఎవరి వైపు పెద్దమ్మా? రుమాలూ లేదు, రంగూ లేదు!"

"ఎవరు గెలిస్తే నాకేం నాయనా. ఎవరి కాళ్ళు వాళ్ళకుంటే చాలు."

ఆయన పొట్ట కదిలేలా నవ్వాడు. "అయితే రాకూడని చోటికే వచ్చావు. అదుగో, ఎద్దులా ఉన్నాడు చూడు, మా ఫుల్‌బ్యాక్ ఏమస్. మొదటి దెబ్బకి శిక్ష ఉండదు కదా, రిఫరీ వేలు చూపించి మందలిస్తాడు, అంతే. మావాడికి ఆ ఒక్క దెబ్బే చాలు. ఎంత వింగరైనా మూలన కూర్చోవాల్సిందే!"

నెల్లీ ఏమస్ వైపే చూస్తూ నిలబడింది.

"పాపం, వాడి బాధ వాడిది లే," అన్నాడాయన రొట్టె నములుతూ. "'ముసలాడివైపోయావు, ఇవాళ ఆ కుర్ర వింగర్ నిన్ను దాటిపోయాడంటే వేసవిలో సాగనంపేస్తాం' అన్నాట్ట మా మేనేజరు. ఉంటున్న ఇల్లు కూడా క్లబ్బుదే. పెళ్ళాం పిల్లలతో రోడ్డున పడాలి."

నెల్లీ శాలువా కొస నోట్లో కుక్కుకుంది.

ఆట మొదలైంది. మైదానమంతా బురద. క్లిఫర్డ్ బంతి అందగానే ఏమస్‌ని ఒక పక్కకి ఊరించి రెండో పక్క నుంచి జారుకున్నాడు. కాసేపటికి మళ్ళీ అదే పని చేశాడు. ఏమస్ బురదలో కూలబడ్డాడు. సొంత ఊరి జనమే వాణ్ణి వేళాకోళం చేశారు.

"ఏమస్, చేతికర్ర తెప్పించమంటావా?"

"ఇంటికెళ్ళి పిల్లల్ని ఆడించుకోవయ్యా బాబూ!"

కొడుకు గెలుస్తున్నాడన్న సంతోషం నెల్లీ మొహంలో లేదు. "ఊరుకోండర్రా, మీకు పుణ్యముంటుంది. వాణ్ణి రెచ్చగొట్టకండి," అని గొణిగింది. ఆ గోలలో ఎవరు వింటారు?

మూడోసారి బంతి తీసుకుని క్లిఫర్డ్ గీత వెంట దూసుకొచ్చాడు. ఏమస్ ఈసారి తొందరపడలేదు. కుడి మోకాలి తెల్లకట్టు కళ్ళెదుటే ఉంది. దాని వంకైనా చూడలేదు వాడు. రెండు కాళ్ళూ చాపి, నేరుగా ఎడమ మోకాలి మీదికే జారాడు.

ఆ చప్పుడు జనం దాకా వినిపించింది. రిఫరీ పరుగెత్తుకొచ్చి, వేలు చూపించి మందలించాడు.

బదులు మనిషిని దించే రివాజు లేని రోజులవి. లేచి నిలబడగలిగితే కుంటుకుంటూనైనా గీత పక్కన ఉండాల్సిందే. క్లిఫర్డ్‌ని లేపి నిలబెట్టారు. రెండడుగులు వేసి కూలిపోయాడు. మొహాన్ని చేతుల్లో దాచుకున్న ఆ కుర్రాణ్ణి నలుగురు మోసుకుపోయారు. ఏమస్ జనం వైపు ఒక్కసారి చూసి చప్పున తల దించుకున్నాడు.

నెల్లీ బావురుమంది. టోపీ మనిషి నోట్లోని కేక నోట్లోనే ఆగిపోయింది.

"అయ్యయ్యో, ఆ పిల్లాడు నీ కొడుకా పెద్దమ్మా?"

ఆమె తలూపింది. ఆయన టోపీ తీసేశాడు. ఫ్లాస్కులోంచి టీ పోసి ఆమె చేతిలో పెట్టాడు.

"మావాడు ఇంత పాపానికి ఒడిగడతాడనుకోలేదమ్మా. అంత తెల్లగా కట్టు కనబడుతుంటే, దాన్నొదిలేసి ఆ కాలినే ఎలా పట్టుకున్నాడో! దెబ్బ అక్కడుందని వాడికి ఎవడు చెప్పి చచ్చాడో!"

"నేనే చెప్పాను నాయనా," అంది నెల్లీ, "మొన్న గురువారం వాడింటికి వెళ్ళి, తమ్ముడి ఎడమ మోకాలి జోలికి మాత్రం పోకురా పెద్దోడా అని, కాళ్ళావేళ్ళా పడి మరీ చెప్పొచ్చాను."